మరిది చూసిన వంతెన

ఉదయం ఎనిమిదింటికి అత్తగారు సుందరమ్మకు కాఫీ ఇచ్చి వచ్చేసరికి దేవకుమారి ఫోన్‌లో వీడియో ఉంది. బాపట్లలో గుమాస్తాగా చేస్తున్న మరిది దేవదానం పంపాడు. మూడు రోజులుగా ముసురు. వీడియో కింద దేవకుమారి వాళ్ల ఊరి పేరుంది; అందులో కాలువ వంతెన నడిమికి విరిగి నీళ్లలో వేలాడుతోంది.

దాన్ని వెంటనే చర్చి స్త్రీల సమాజం గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపుకు ఒక పద్ధతి ఉంది. ఏ వార్త పెట్టినా చూసినవాళ్ల పేరు రాయాలి. సాక్షి లేని మాటకు ప్రార్థన పెట్టనని గ్రూపు నడిపే రూబీ అక్క గట్టిగా చెప్పింది. అందుకని దేవకుమారి కింద రాసింది: "మా మరిది కళ్లారా చూశాడు." చూడకుండా ఎందుకు పంపుతాడు?

ఒకరి తర్వాత ఒకరు అడుగుతూనే ఉన్నారు. అందరికీ జవాబులిచ్చి, తొమ్మిదిన్నరకు ఖాళీ గ్లాసు కోసం వెళితే అత్తగారు మంచం మీద ఒరిగి ఉంది. మూతి వంకరపోయింది. కాఫీ నేల మీద ఒలికి ఉంది.

"ఏంటత్తయ్యా? ఏమైంది?"

మాట ముద్దగా వచ్చింది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఎత్తింది మనిషి కాదు. కంప్యూటరు గొంతు వివరాలన్నీ అడిగి, రెండు గంటలు పడుతుందని చెప్పింది.

"రేపల్లె నుంచి పావుగంటేగా!"

"వంతెన కూలినట్టు స్థానికులు తెలిపారు. దారి మూసివేయబడింది."

అవును కదా అనుకుంది. పక్కింటి ఆటో బసవేశ్వరరావును పిలిచింది.

"తెనాలి ఎట్టా పోతాం వదినా? వంతెన లేదుగా. మీరు పెట్టిందే మా ఆవిడ చూపించింది," అన్నాడు.

పొన్నూరు మిల్లులో ఉన్న భర్త బయలుదేరానన్నాడు. ఏ దారిన రావాలని ఆమెనే అడిగాడు.

అంబులెన్సు బాపట్ల వైపు నుంచి చుట్టు తిరిగి పావు తక్కువ పన్నెండుకు వచ్చింది. అత్తగారితో పాటు ఎక్కాక దేవకుమారి మరిదికి ఫోన్ చేసింది.

"వంతెన ఎంతవరకు పోయిందయ్యా? మనిషి నడిచే వీలుందా?"

"నాకేం తెలుసు వదినా? మా ఆఫీసులో ఎవరో పంపితే పంపా. నేను వారం నుంచి బాపట్ల దాటలేదు. మీకు పక్కనేగా, చూసుకుంటారులే అనుకున్నా."

ఆమె మాటలు విని డ్రైవరు బండిని కాలువ వైపు తిప్పాడు. వంతెన నిక్షేపంగా ఉంది. దాని మీద బర్రెలు నడిచిపోతున్నాయి.

"ఏదమ్మా, ఆ వీడియో చూపించండి," అని చూశాడు. "ఇందులో వంతెన పక్కలకు ఇనప కమ్మీలున్నాయి. ఇక్కడ సిమెంటు గోడ. కంప్యూటరు చేత చేయించిందమ్మా ఇది. ఎవడి సరదానో. మీ ఊరివాళ్లెవరో పంపితే మా కంట్రోల్ రూమ్ కంప్యూటరేమో ఇది నిజమని దారి మూసింది."

ప్రతి ఆదివారం నడిచే వంతెన. గోడో కమ్మీలో ఆమెకు గుర్తు లేదు.

ఒంటిగంటకు తెనాలి ఆసుపత్రిలో స్కాను చూసి డాక్టరమ్మ అడిగింది. "ఎన్నింటికి మొదలైందండి?"

"తొమ్మిదిన్నరకండి."

"మొదలవడం మీరు చూశారా?"

దేవకుమారికి నేల మీది కాఫీ మరక గుర్తొచ్చింది. అంచులు ఆరిపోయి ఉన్నట్టుంది. లేక ఇప్పుడలా అనిపిస్తోందా?

"ఈ పక్షవాతం ఇంజెక్షన్ మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. తొమ్మిదిన్నర అయితే టైముంది. ఎనిమిది అయితే దాటిపోయింది, ఇస్తే తలలో రక్తస్రావం కావచ్చు. సరిగ్గా చెప్పండి."

చేతిలో ఫోన్ మోగింది. వంతెన బాగుందని దారిలో పెట్టిన మెసేజీకి రూబీ అక్క జవాబు: "పొద్దున మీ మరిది చూశాడన్నావు. ఇప్పుడు నువ్వు చూశానంటున్నావు. ఎవరి మాట నమ్మమంటావు దేవకుమారీ?"

"అమ్మా, మిమ్మల్నే," అంది డాక్టరమ్మ.

"చూడలేదండి," అంది దేవకుమారి. "ఎనిమిదింటికి బాగుంది. తర్వాత చూడలేదు."

డాక్టరమ్మ తలాడించి, సిద్ధం చేసిన మందును పక్కన పెట్టమని నర్సుకు చెప్పి లోపలికి వెళ్లింది. తాను చేసింది మంచో చెడో దేవకుమారికి తెలియలేదు.