వదిన కలిపిన బూడిద రంగు

పెయింట్ల షాపులో ఇరవై రెండేళ్లుగా రంగులు కలుపుతున్నాను. గోడ పెచ్చు తెచ్చి చూపిస్తే చాలు, అచ్చం అదే రంగు డబ్బాలో పోసి ఇస్తాను. ఆ పొగరుతోనే మా వదిన వేసే బొమ్మలంటే నాకు చులకన. మనిషి ఉండడు, చెట్టు ఉండదు, ఎక్కడ చూసినా చారలే. "మా షాపు షేడ్ కార్డులా ఉంది వదినా" అని ఏడిపించేవాణ్ణి. ఆవిడ నవ్వి ఊరుకునేది.

అలాంటి నేనే ఆవిడ కొంప ముంచాను. ఎనిమిది నెలలు కూర్చుని వేసిన పెద్ద బొమ్మ, ఆవిడ మొదటి ప్రదర్శనకి వెళ్లాల్సింది. మధ్యాహ్నం మూడింటికి వ్యాను వస్తుంది. పొద్దున్నే దాన్ని గోడ మీంచి దించుతూ నిచ్చెనకి తగిలించాను. బొమ్మలో ఎడమ సగం నారింజ, కుడి సగం నీలం, ఒక్కో సగంలో ఒక్కో బూడిద చార. రెండు చారలూ మధ్యలో గీరుకుపోయి అడుగున తెల్లబట్ట బయటపడింది. వదిన బాగుచేసుకుందామంటే పోయిన వారమే మెట్ల మీద జారి కుడిచేతికి కట్టు.

వదిన అరవలేదు. బల్ల మీది సీసా చూపించింది. "అందులో మిగిలింది ఉంది. రెండు చారలకీ అదే. నువ్వే వెయ్యి."

"రెండింటికీ ఒకటే ఎలా అవుతుంది? నారింజలోది నీలి బూడిద, నీలంలోది మట్టి బూడిద. ఆమాత్రం తెలీదా నాకు?"

"సరే, నీ ఇష్టం. ఆరకముందే ఓసారి చూసుకో."

రెండు గిన్నెల్లో రెండు రంగులు కలిపి, మహా నేర్పుగా వేశాను. వెనక్కి జరిగి చూశాను. నారింజ సగంలో సిరా ఒలికినట్టుంది. నీలం సగంలో బురద చిందినట్టుంది. గబగబా తడిగుడ్డతో తుడిచేశాను.

షాపులో మేము రంగు సరిపోల్చేటప్పుడు తెల్ల అట్టకి చిన్న చిల్లు పెట్టి అందులోంచి చూస్తాం, పక్క రంగు కంటిని మోసం చేయకుండా. బొమ్మకి అదెందుకులే అనుకున్న నేను, సంచీలోంచి అట్ట తీశాను. గీరుకుపోని చోట ఎడమ చార మీద పెట్టాను, కుడి చార మీద పెట్టాను. మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. ఒకటే బూడిద! అట్ట తీసేస్తే మళ్లీ రెండు రంగులు. ఒక్క సీసాతో రెండు రంగులు చూపించిన మనిషిని ఇన్నాళ్లూ వెక్కిరించానా అని సిగ్గేసింది.

సీసాలోది వేశాను. నారింజలో తాకగానే నీలి ఛాయ తిరిగింది. నీలంలో తాకగానే మట్టి ఛాయ తిరిగింది. అంత అందమైన పని నా చేతుల్తో ఎన్నడూ చేయలేదు.

"దణ్ణం వదినా నీకు! నేను తప్పు రంగు కలుపుతున్నానని తెలిసీ ఎందుకు ఆపలేదు?"

"ఆపితే నమ్మేవాడివా? నమ్మకుండా వేస్తే అతుకు కనబడిపోతుంది."

దగ్గరికొచ్చి బొమ్మని పైనుంచి కిందికి చూసింది. "ఇంతకీ ఎక్కడ గీరుకుపోయింది?"

చూపిద్దామని వెతికాను. నాకూ దొరకలేదు.

పొద్దుట్నించీ చుక్క కన్నీరు పెట్టని వదిన, కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "నేను ఏడిస్తే నీ చెయ్యి వణుకుతుందని ఆపుకున్నాను" అంది.