మూగబోయిన స్పీకరు పెట్టె

ఆఫీసులో అందరూ అతన్ని బావమరిది అనే పిలిచేవారు. ఉద్యోగం ఇప్పించింది అక్క మొగుడే మరి. ఆసుపత్రి మంచాల పక్కన పెట్టే స్పీకరు పెట్టెలకు ఆ బావ రాసిన డ్రైవరుకు, అంటే పెట్టెను నడిపే ప్రోగ్రాముకు, ఒక దురలవాటు ఉండేది. సౌండు మారకపోయినా చిప్‌లో ఆ సౌండు అంకెనే మళ్లీ మళ్లీ రాసేది. రాసినప్పుడల్లా స్పీకరు టక్కుమనేది, రోగులకు కునుకు పట్టేది కాదు.

బావమరిది దాన్ని సరిచేశాడు. చిప్‌లో ఉన్నదానికి డ్రైవరు ఇప్పుడు తన దగ్గర ఒక నకలు ఉంచుకుంటుంది. కొత్త అంకె నకలుతో సరిపోతే చిప్ జోలికే పోదు. టకటకలు పోయాయి. మేనేజరు భుజం తట్టాడు. బావ మాత్రం "ఊఁ" అని ఊరుకున్నాడు. ఆ "ఊఁ" బావమరిదికి అస్సలు మింగుడుపడలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే చూసేసరికి బల్ల మీద పరీక్షకు పెట్టిన పెట్టె మూగబోయి ఉండేది. కోడులో అక్షరం మారలేదు. ఇంకేముంది, ఎవరో చెయ్యి పెడుతున్నారు! బావ అటు చూస్తే అనుమానం, చూడకపోతే మరీ అనుమానం. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? ఒక సాయంత్రం మానిటరు చాటున కాపు కాశాడు. బావ అందరూ వెళ్లేదాకా ఆగి, పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చాడు.

అంతే, బావే పెట్టెను పాడుచేస్తున్నాడని మేనేజరు చెవిన వేశాడు. అక్కకూ ఫోను చేసి చెప్పాడు.

మర్నాడు మేనేజరు గదిలోంచి వచ్చిన బావ, బల్ల సర్దుకోసాగాడు. ఉద్యోగం పోయిందని ముఖమే చెబుతోంది. బావమరిది ఉండబట్టలేక అడిగాడు.

"దాని వెనకాల ఏం చేస్తున్నారు బావా?"

"రాత్రికి స్పీకరు బోర్డు స్విచ్చి ఆపి, పొద్దున్నే వేస్తాను. వేడెక్కుతుందని ఎప్పట్నుంచో ఆపుతున్నా. మెయిన్ బోర్డు నడుస్తూనే ఉంటుందిగా."

బావమరిదికి అప్పుడు వెలిగింది. స్పీకరు బోర్డుకు కరెంటు పోతే దాని మీది చిప్ అన్నీ మరిచిపోయి మూగగా లేస్తుంది. మెయిన్ బోర్డులో నడిచే డ్రైవరు దగ్గరి నకలు మాత్రం సౌండు ఉందనే అంటుంది. ఉందిగా అని డ్రైవరు ఏమీ రాయదు. పాత డ్రైవరు రాసిందే రాసేది కాబట్టి ఇన్నాళ్లూ గడిచిపోయింది. కరెంటు రాగానే అన్నీ మళ్లీ రాయించాలని తనకే తట్టలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ముందే చెప్పొచ్చుగా బావా!"

"నువ్వు అడిగితేగా."

"పదండి, తప్పు నాదేనని మేనేజరుకు చెబుతాను."

బావ సంచీ కిందపెట్టలేదు.

"ఆయనకు చెబుతావు సరే. నిన్నటి నుంచి మీ అక్క నాతో మాట్లాడట్లేదు. దానికేం చెబుతావు?"