టైలరమ్మ చావు ట్రయలు

టైలరమ్మ కొట్టులో ఒక్కటే చట్టం. ట్రయలు వెయ్యకుండా ఏ బట్టా గడప దాటకూడదు. "తొందరలో ఉన్నాను, ఇంటికెళ్ళి వేసుకుంటాలే" అన్నవాళ్ళని కర్టెను వెనక్కి తోసి మరీ తొడిగించేది. చంక దగ్గర పట్టేసిందో, నడుం దగ్గర వదులైందో కళ్ళారా చూసుకుంటే తప్ప ఆవిడకి అన్నం సయించదు.

అంత జాగ్రత్త మనిషీ తన నోటికి మాత్రం ఒక్క కుట్టు వేసుకోలేకపోయింది. ఎవరైనా కాస్త సాయం చేస్తే చాలు, కరిగి నీరైపోయి "నా తర్వాత ఈ కొట్టు నీదే" అనేసేది. కంటి ఆపరేషన్ చేయించినందుకు పెద్దకొడుకుతో అంది. మిషనుకి మోటారు పెట్టించినందుకు కూతురితో అంది. మోకాళ్ళ నొప్పులతో మంచమెక్కిన రెండు నెలలూ కొట్టు నడిపినందుకు కటింగ్ మాస్టరుతోనూ అంది. పైగా "ఎవరికీ చెప్పకు" అని ముగ్గురిచేతా ఒట్టు వేయించుకుంది. ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు, ఈ మహాతల్లి మూడు దూర్చింది.

ఆ మాట దక్కనివాడు చిన్నకొడుకు ఒక్కడే. నలభై ఏళ్ళొచ్చినా అందరికీ చిన్నోడే. మాట తక్కువ, లెక్క బొత్తిగా రాదు, ఒంటరిగా రోడ్డు దాటమంటే వణికిపోతాడు. ఇస్త్రీ పెట్టె పట్టాడంటే మాత్రం, కాలరు మీద ముడత పోయేదాకా ముద్ద ముట్టడు. పగలు కొట్టులో, రాత్రి కొట్టు వెనక గదిలో. వాడికి వేరే చెప్పేదేముంది, ఎటూ ఇక్కడే ఉంటాడుగా అనుకునేది టైలరమ్మ.

ఒకరోజు నల్లకోటు ట్రయలుకి వచ్చిన ప్లీడరు అద్దంలో చూసుకుంటూ, "వీలునామా రాశారా అమ్మా?" అని అడిగాడు.

"ఎందుకండీ కాగితాలు? నా పిల్లలు బంగారాలు. వాళ్ళే సర్దుకుంటారు."

"అలాగా. ట్రయలు వేసి చూశారా మరి?"

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే అందరినీ పిలిపించి, కొట్టు ముందు కుర్చీలో చేరగిలబడి ప్రకటించింది. "ఇందాకే నేను పోయాను. చీకటి పడేదాకా ఇంతే. నన్నేమీ అడక్కండి, చచ్చినవాళ్ళు మాట్లాడరు. కాఫీ మాత్రం ఇవ్వచ్చు."

అందరూ పడీపడీ నవ్వారు. "అయితే తాళాలు నాకివ్వండి," అని చెయ్యి చాపాడు పెద్దకొడుకు. "అమ్మ ఈ కొట్టు నాకిస్తానందిగా."

"నీకా? నాకిస్తానంది అన్నయ్యా!" అంది కూతురు.

కటింగ్ మాస్టరు మెడలో టేపు సవరించుకున్నాడు. "తప్పుగా అనుకోకండి. అమ్మగారు నాక్కూడా మాటిచ్చారు."

అక్కడితో నవ్వులు ఆగిపోయాయి. ముగ్గురూ ఒక్కసారిగా కుర్చీ వైపు తిరిగారు. శవం కాఫీ ఊదుకుని తాగుతోంది.

మధ్యాహ్నానికి మోటారు ఎవరిది, కత్తెర ఎవరిది, అసలు ఎవరు ఎవరికి ఎంత చాకిరీ చేశారు అనేదాకా వెళ్ళింది. టైలరమ్మ నవ్వాపుకోలేక రుమాలు నోట్లో కుక్కుకుంది. సాయంత్రానికి షట్టరుకి మూడు తాళాలు పడ్డాయి. ఎవరి తాళంచెవి వాళ్ళు జేబులో వేసుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

అప్పుడొచ్చాడు చిన్నోడు, పక్కింట్లో ఇస్త్రీ బట్టలిచ్చి. షట్టరు ముందు నిలబడి మూడు తాళాలూ ఒక్కొక్కటే లాగి చూశాడు. తర్వాత కుర్చీ పక్కన చతికిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు చచ్చిపోతే నేనెక్కడ పడుకోవాలి?"

చచ్చినవాళ్ళు మాట్లాడకూడదని చట్టం పెట్టింది తనే. తాళాలు వేసిన ఆ ముగ్గురికీ వీడు గుర్తు రాలేదు. వాళ్ళననడం దేనికి, కన్నతల్లి తనకే గుర్తు రాలేదు. టైలరమ్మకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంకా చీకటి పడకముందే బతికి, "తాళాలు తియ్యండర్రా!" అని వీధంతా వినపడేలా ముగ్గురికీ ఫోన్లు చేసింది.

మర్నాడే ప్లీడరు కోటు తయారైంది, మరో వారానికి వీలునామా తయారైంది. ఆవిడ మళ్ళీ అందరినీ పిలిచి, కుర్చీలో కూర్చుని మళ్ళీ చచ్చిపోయింది.

పెద్దకొడుకు పైకి చదివాడు. ఆవిడ తర్వాత కొట్టు ఏ ఒక్కరికీ కాదు, ట్రస్టుకి. చిన్నోడు ఉన్నంతకాలం వెనక గదీ ఇస్త్రీ బల్లా అతనివే. రాబడిలోంచి ముందు అతని తిండీ మందులూ. కొట్టు నడిపేది మాస్టరు, జీతానికి తోడు లాభంలో వాటా. అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి సంతకం పెడితేగానీ రూపాయి కదలదు. చిన్నోడి తర్వాత కొట్టు వాళ్ళిద్దరికీ చెరిసగం.

"మరి వాళ్ళిద్దరికీ పడకపోతే?" అన్నాడు మాస్టరు.

అలవాటుగా అందరూ కుర్చీ వైపు చూశారు. శవం కళ్ళు తెరవలేదు. పెద్దకొడుకు పేజీ తిప్పాడు. "ప్లీడరుగారు చెప్పినట్టు వినాలట," అన్నాడు. కూతురు తలూపింది, కాస్త నసుగుతూనే.

చిన్నోడు లేచి వెనక గదిలోకి వెళ్ళాడు. మంచం మీద వాలిన చప్పుడైంది. కాసేపటికి చిన్నోడు బయటికొచ్చి, కుర్చీ ముందు నిలబడి తల్లి భుజం తట్టాడు.

"సరిపోయిందమ్మా. ఇంక లే."