మూడో వరుస సీటు

వాళ్ల కంపెనీ కొత్తగా తెస్తున్న ఆ కరెంటు కారు మొత్తంలో ఇది నాదీ అని ఇంజినీరుగా అతను చెప్పుకోదగ్గది ఒక్కటే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారే బండిని వెనక్కి పట్టి లాగుతుంది, ఆ లాగుడులో పుట్టిన కరెంటు మళ్లీ బ్యాటరీలోకి పోతుంది. ఎంత గట్టిగా లాగాలో తేల్చడానికి అతనికి రెండేళ్లు పట్టింది. ఒక్క చార్జింగుకి పదకొండు కిలోమీటర్లు అదనంగా వచ్చాయి. ఆఫీసులో అంతా అతన్ని "పదకొండు" అనే పిలిచేవాళ్లు. పైకి విసుక్కున్నా లోలోపల మురిసిపోయేవాడు.

ఏడుగురు పట్టే కుటుంబం బండి కదా, ఓ ఆదివారం ఇంటివాళ్లతో తిరిగి చూడమన్నారు. ఎనిమిదేళ్ల కూతురు ఎగిరి గంతేసి చిట్టచివరి వరుసలో ఎక్కింది. మూడో సిగ్నల్ దగ్గరికల్లా వాంతి చేసుకుంది. స్టీరింగ్ భార్యకిచ్చి, తను పోయి పిల్ల పక్కన కూర్చున్నాడు. కాలు తీసినప్పుడల్లా వచ్చే ఆ లాగుడికి, నాలుగు వీధులు తిరిగేసరికి అతనికీ కడుపులో దేవేసింది. అప్పటికి వెలిగింది మహానుభావుడికి. రెండేళ్లూ ఇంజినీర్లందరూ ముందు సీట్లో కూర్చుని భేష్ అనుకున్నారు. ఈ సీట్లో కూర్చున్నవి మనుషుల బరువుకి బదులు పెట్టిన ఇసుక బస్తాలు.

"సరిచేస్తావా నాన్నా?" అంది కూతురు, మూతి తుడుచుకుంటూ.

"రేపే చేస్తానమ్మా."

మర్నాడు ఆఫీసులో పెద్దాయన దగ్గరికెళ్లి, లాగుడు కాస్త మెత్తబరుద్దామన్నాడు. పెద్దాయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"మెత్తబరిస్తే ఆ పదకొండూ పోతాయి. ఆ అంకె అప్పుడే ఊరూరా హోర్డింగులెక్కింది. ఇప్పుడు దించమని ఎవర్ని అడగను?"

అతను బతిమాలాడు. ఇంకా పైవాళ్లనీ అడిగాడు. అందరూ పాపకెలా ఉందని ఎంతో ప్రేమగా వాకబు చేశారే తప్ప, ఒక్కడూ సరేననలేదు. గురువారం, బండి అమ్మకానికి సిద్ధమన్న ఆఖరి కాగితం మీద సంతకం కూడా అతని చేతే పెట్టించుకున్నారు. తన చేతులతో చేసినదాన్ని ముట్టుకునే వీలు లేక, ఇంటికొచ్చి కూతురికి మొహం చూపించలేకపోయాడు. అది అడగనూ లేదు. నాన్న రేపే అన్నాడంటే అయిపోయినట్టే దాని లెక్క అనుకున్నాడు.

ఆ ఆదివారం మళ్లీ బండి తీశారు. పిల్ల మళ్లీ ఆ వెనక సీట్లోకే ఎక్కింది. అతను ఎంత మెల్లగా కాలు తీసినా బండి లాగుతూనే ఉంది. అద్దంలో కూతురి మొహం పాలిపోయి కనిపించింది.

"ఎలా ఉందమ్మా?"

"బాగైపోయింది నాన్నా. చూడు, వాంతి రావట్లేదు."

పక్కనున్న భార్య గొంతు తగ్గించింది.

"పొద్దున్నించీ మంచినీళ్లు కూడా ముట్టలేదు. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."