గంగన్నకు ఒక పంచె

పోయినేడు మహాలయ అమావాస్య నాడు మా తమ్ముడు సూర్యకిరణ్ పీట మీద నుంచి ఒక పంచె తీసి పక్కన పెట్టాడు. వాడు చేసింది అంతే. ఆ ఒక్క పంచె కోసం నేను ఏడాదిపాటు నూట ముప్ఫై ఏళ్ళనాటి తపాలా పుస్తకాల వెంట పడ్డాను. నా మొండితనం మా ఇంట్లో అందరికీ తెలుసు, ఇక మీకూ తెలుస్తుంది.

మాది కోనసీమ. నా పేరు అరుణజ్యోతి. కువైట్‌లో, దజీజ్‌లో ఒక కార్గో ఆఫీసులో పని చేస్తాను. మనవాళ్ళు ఇంటికి పంపుకునే పెట్టెలు దారిలో తప్పిపోతే వెతికిపెట్టడం నా ఉద్యోగం. ఉండేది మహబూలాలో చిన్న ఫ్లాట్. సెలవు దొరికినప్పుడల్లా సూర్యావతి పిన్ని అక్కడికి వస్తుంది. మా బాబాయి భార్య. ఇరవై మూడేళ్ళుగా ఈ దేశంలో ఇళ్ళల్లో వంట చేస్తోంది. ఆవిడ కొడుకే సూర్యకిరణ్. ఏసీలు బాగుచేస్తాడు, అబూ హలీఫాలో ఉంటాడు. వాడూ శుక్రవారాలు వస్తాడు. తింటాడు, పోతాడు. తల్లితో "ఉప్పు" అంటాడు, "చాలు" అంటాడు. వాడొచ్చిన మూడేళ్ళలో అంతకుమించి మాట్లాడగా నేను చూడలేదు.

మా ఇంట్లో పెద్దలకు బట్టలు పెట్టేది మహాలయ అమావాస్యకే. పీట కడిగి, పసుపు రాసి, పోయినవాళ్ళను పేరు పేరునా పిలిచి, ఒక్కొక్కరికి ఒక కొత్త బట్ట పెట్టి, గారెలూ పరమాన్నం వడ్డిస్తాం. బాబాయి పోయినప్పటి నుంచి ఆ పని కిరణ్‌ది. నాన్నకొకటి, తాతకొకటి, ముత్తాతకొకటి. పోయినేడు పిన్ని నాలుగో పంచె కూడా తెచ్చి పెట్టింది.

"ఇదెవరికి?" అన్నాడు వాడు.

"గంగన్న తాతకి నాన్నా."

"పారిపోయినోడికి పంచె ఏంటి?" అని తీసి అవతల పెట్టేశాడు.

పిన్ని గారెలు వడ్డించింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే వాడు ఆ మాట అన్నది గంగన్నను కాదు.

గంగన్న మా తాతకు తాత. విక్టోరియా రాణి కాలంలో తపాలా రన్నరు. గజ్జెలు కట్టిన కర్ర పట్టుకుని, ఉత్తరాల సంచి భుజాన వేసుకుని, మా చినరేవు పోస్టాఫీసు నుంచి ఆరు మైళ్ళు పరిగెత్తి, ఏరు దాటి, వాడలంక పోస్టాఫీసులో అప్పగించి రావాలి. ఒకరోజు వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. పెళ్ళాన్నీ చంటిపిల్లాడినీ వదిలేసి రంగూన్ ఓడ ఎక్కేశాడన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో అదొక తిట్టు. ఎవరు చెప్పకుండా గడప దాటినా "గంగన్నలా పోతున్నావేంట్రా?" అంటారు.

పిన్ని కువైట్ వచ్చిన ఏడాదికే ఆ తిట్టు పిన్ని మీద పడింది. ఆవిడ పనిచేసే ఇంటివాళ్ళు విదేశం వెళ్ళారు. ఇంట్లో ఒక్కతే ఉంది. కడుపునొప్పితో పడిపోతే, పక్కింట్లో పనిచేసే షబ్నమ్ అనే ఆవిడ ఆస్పత్రిలో చేర్చింది. అపెండిక్స్ పగిలిందన్నారు. ఇంటివాళ్ళు తిరిగొచ్చి చూస్తే మనిషి లేదు. వెతకలేదు, విచారించలేదు, పని వదిలేసి పారిపోయిందని కేసు పెట్టేశారు. ఇక్కడ అదెంత సేపు! తర్వాత ఆస్పత్రి కాగితం చూపించి కేసు తీయించుకుంది గానీ, అప్పటికే కబురు ఊరు చేరిపోయింది. "గంగన్న ఇంటి కోడలనిపించుకుంది" అంది మా నానమ్మ. "ఆస్పత్రంట! ఏ ఆస్పత్రో!" అని మూతి తిప్పింది. అప్పుడు కిరణ్‌కి తొమ్మిదేళ్ళు. ఆ మాటలు వింటూనే పెరిగాడు. పిన్ని సెలవు మీద వెళ్ళినప్పుడు కూడా ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు.

ఆ ఆస్పత్రి కాగితం ఇప్పటికీ ఉంది. నా గదిలో ఉన్న పిన్ని పెట్టెలో, చీరల అడుగున. "వాడి మొహాన కొట్టు పిన్నీ" అని వందసార్లు చెప్పాను.

"అడక్కుండా కాగితం తీసి చూపించేది దొంగేనే" అంటుంది. "నా కొడుకు అడగాలి. అడిగిన్నాడు చెప్తాను. మధ్యలో నువ్వు నోరెత్తేవో, నీ గడప తొక్కను."

నా నోరు కట్టేసింది. సరే, కట్టేసింది నోరే కదా. చేతులు ఖాళీగానే ఉన్నాయి. గంగన్న సంగతైనా తేలుద్దామని కూర్చున్నాను.

ముందు చేసింది ఒట్టి తెలివితక్కువ పని. రంగూన్ అన్నారు కదా అని రంగూన్ వెళ్ళిన ఓడల జాబితాలు వెతికాను. ఐదు నెలలు! ఇంటర్నెట్‌లో కనబడిన ప్రతి పేజీ చదివి కళ్ళు పీక్కుపోయాయి. గంగన్నలు పదకొండు మంది దొరికారు. మావాడు ఒక్కడూ కాదు.

ఆ వెతుకులాటలోనే వరప్రసాద్ గారు తగిలారు. రాజమండ్రిలో రిటైరైన పోస్టుమాస్టరు. పాత తపాలా పుస్తకాలు ఎక్కడున్నాయంటే అక్కడికి వెళ్ళి ఫొటోలు తీసి దాచుకునే పిచ్చి ఆయనకి. చినరేవు పేరు చెప్పగానే మర్నాడు ఒక పేజీ పంపారు. అన్నం తింటూ తెరిచాను. "గంగన్న, రన్నరు. 1893 సెప్టెంబరు 14 నుండి గైరుహాజరు. పరారీ. బదులు వేరొకరిని నియమించడమైనది."

అయితే నిజమే అన్నమాట. పళ్ళెం పక్కకు నెట్టేశాను. ఇది పిన్నికి ఎలా చెప్పను? తెలియకుండా ఉంటే కనీసం ఒక ఆశ ఉండేది, ఇప్పుడు దాన్నీ నేనే చేతులారా పాడుచేశాను అనిపించింది.

ఆ మధ్యాహ్నమే ఒకాయన కౌంటర్ దగ్గర అరుపులు. ఆయన పెట్టె ఊరు చేరలేదు. మా పుస్తకంలో చూస్తే "లోడు కాలేదు" అని రాసుంది. ఆ రాతను నేను నమ్మను. ఎనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, పెట్టె పోతే నేను పెట్టెను వెతకను. దాంతో పాటు బండెక్కినవి ఎక్కడ దిగాయో వెతుకుతాను. అవి ఉన్న చోటే ఇదీ ఉంటుంది. అలా పది నిమిషాల్లో ఆయన పెట్టె దొరికింది. ఆయన వెళ్ళిపోయాక నా తల మీద నేనే ఒక మొట్టికాయ వేసుకున్నాను. గంగన్నతో పాటు బయల్దేరింది కూడా ఒకటుంది కదా! సంచి!

వెంటనే ఫోన్ చేశాను. "వరప్రసాద్ గారూ, మనిషిని వదిలేయండి. ఆ రోజు సంచి వాడలంక చేరిందా లేదా, అది చూడండి."

"భలే అడిగేరండి అమ్మాయి గారూ! ముప్ఫై ఎనిమిదేళ్ళు తపాలాలో చేశాను, నాకు తట్టలేదండి బాబూ. ఇక్కడి పుస్తకం ఇక్కడోళ్ళు రాసుకున్నారు, అక్కడిది అక్కడోళ్ళు రాసుకున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూసినోడు ఎవడండీ? ఆయ్, వెతుకుతానండి."

నాలుగు నెలలు పట్టింది. ఒక గురువారం సాయంత్రం బస్సులో ఇంటికొస్తుంటే వాట్సాప్‌లో వచ్చింది. వాడలంక పుస్తకం, 1893 సెప్టెంబరు 15. తెలుగులోనే రాశాడు ఆ మహానుభావుడెవరో.

"సంచి ఒక దినము ఆలస్యముగా చేరినది. రేవు వద్ద మిరపకాయలమ్ముకొను మస్తాన్ బీ అను స్త్రీ తెచ్చి ఇచ్చినది. రన్నరు గంగన్న ఏరు దాటి, వాంతిభేదిచే రేవున పడిపోయెననియు, సంచిని విప్పక, ఎవ్వరికిని ఇవ్వక, పోస్టాఫీసునకే చేర్చుమని తనచే ఒట్టు వేయించుకొనెననియు చెప్పినది. లక్క ముద్రలు చెక్కుచెదరలేదు."

దాని కింద మర్నాటి తేదీ. "గంగన్న ఈ వేకువన రేవుననే మరణించెను. గజ్జెలకర్ర తెప్పించి ఉంచితిమి. ఏరు వరద మీదున్నందున పది దినములకు గాని పడవలు సాగవని రేవువారు చెప్పుచున్నారు."

బస్సులో అందరి ముందూ భోరుమని ఏడ్చాను. పక్కసీటు ఫిలిప్పీన్స్ అమ్మాయి టిష్యూ ప్యాకెట్ మొత్తం నా చేతిలో పెట్టేసింది. పది రోజులు పడవల్లేవు. ఆ పది రోజుల్లోనే ఇవతలి ఒడ్డువాళ్ళు పరారీ అని రాసేసుకున్నారు. ఆ రాతను మళ్ళీ ఎవరూ కొట్టెయ్యలేదు. రాసినవాడి చెయ్యి పడిపోనూ!

మర్నాడు కిరణ్ రాకముందే పిన్నికి చదివి వినిపించాను. కొత్తిమీర తుంచుతూ వింది. అంతా అయ్యాక ఒకే ఒక్కటి అడిగింది.

"అయితే చచ్చిపోయేటప్పుడు ఒక్కడే లేడన్నమాట. ఆ తల్లి ఉంది పక్కన."

"ఉంది పిన్నీ."

"నాకు షబ్నమ్ ఉన్నట్టు" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ కొత్తిమీర అందుకుంది.

"ఇప్పుడైనా వాడితో మాట్లాడు" అన్నాను.

"ముందు తాతకి పంచె పెట్టనీవే. నాదేముంది, బతికే ఉన్నాగా."

అమావాస్య వచ్చింది. వాళ్ళ మామాను, అంటే పనిచేసే ఇంటి యజమానురాలిని, అడిగి పిన్ని సెలవు తెచ్చుకుంది. కిరణ్ మామూలుగానే వచ్చాడు. పీట మీద నాలుగు పంచెలు, ఈసారి వాటి పక్కన ఒక నేత చీర కూడా ఉంది. వాడి మొహం ముడుచుకుపోయింది.

"మళ్ళీ నాలుగు పెట్టేవా అమ్మా?"

"కూర్చోరా ముందు" అన్నాను నేను. "రెండు పేజీలు చదువుతాను. విన్నాక తీసెయ్యాలనిపిస్తే తీసెయ్, నేను అడ్డం రాను."

మొదట చినరేవు పేజీ చదివాను. "తెలిసిందేగా" అన్నాడు. తర్వాత వాడలంక పేజీ చదివాను. సగంలో ఉండగానే వాడు ఫోన్ లాక్కుని, అక్షరాలు పెద్దవి చేసుకుని, మొదటి నుంచి తనే చదువుకున్నాడు. రెండుసార్లు చదివాడు.

"మరి ఇక్కడ చచ్చిపోయేడని ఉంటే, అక్కడ పరారీ అని ఎలా రాసేడక్కా?"

"తిరిగి రాలేదు కాబట్టి పారిపోయాడనుకున్నాడు."

"రేవు దాకా వెళ్ళి చూడొచ్చుగా? వరద తగ్గేకైనా ఎవరినైనా అడగొచ్చుగా?"

"అడగలేదురా. ఆడూ అడగలేదు, మనవాళ్ళూ అడగలేదు. నూట ముప్ఫై ఏళ్ళు ఎవరూ అడగలేదు."

ఇంకో నాలుగు మాటలు నా నాలుక చివరిదాకా వచ్చాయి. పిన్ని నా వైపు ఒక చూపు చూసింది. మింగేశాను.

కిరణ్ ఫోన్ కింద పెట్టాడు. తర్వాత నాలుగో పంచె అందుకున్నాడు. మడత విప్పి, నాలుగు కొసలకూ పసుపు రాసి, మళ్ళీ సరిగ్గా మడిచి, మిగతా మూడింటికంటే ముందు పెట్టాడు. "గంగన్న తాతా, రా" అన్నాడు.

"ఈ చీరెవరికి?"

"మస్తాన్ బీకి" అంది పిన్ని.

"ఆవిడ తురకలమ్మ కదమ్మా. మన పీట మీద..."

"ఆఖర్న గొంతులో నీళ్ళు పోసుంటాదిరా. పెట్టు."

పెట్టాడు. ఆవిడ పేరు కూడా పిలిచాడు.

భోజనాలకు కూర్చున్నాం. వాడు రెండు గారెలు తిన్నాడు. మూడోది తుంచి, నోట్లో పెట్టుకోకుండా విస్తట్లోనే తిప్పుతున్నాడు.

"అమ్మా."

"ఏం నాన్నా? ఉప్పు చాల్లేదా?"

"నువ్వు ఆస్పత్రిలో ఎన్ని రోజులున్నావు?"

పిన్ని చేతిలో గరిటె పరమాన్నం గిన్నెలో అలాగే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఎదురుచూసిన మాట అది. అది వస్తే ఏం చెప్పాలో ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో.

"పదకొండు రోజులు" అంది చివరికి. "తొమ్మిదో రోజు నీ పుట్టినరోజు. ఒక్కసారి ఫోన్ చేసుకుంటానని నర్సు కాళ్ళు పట్టుకున్నాను. ఆ పిల్లకి నా భాష తెలీదు, నాకు ఆ పిల్ల భాష తెలీదు."

కిరణ్ విస్తట్లోకే చూస్తున్నాడు. కన్నీళ్ళు ముక్కు మీద నుంచి అన్నంలో పడుతున్నాయి.

"కాగితం ఉంది నాన్నా. అన్నీ రాసున్నాయి అందులో. ఉండు, పెట్టెలోంచి తెస్తాను" అని పిన్ని గబగబా లేవబోయింది.

వాడు ఎడం చేత్తో తల్లి మణికట్టు పట్టుకున్నాడు.

"కాగితం వద్దమ్మా. నువ్వు చెప్పు."

పిన్ని మళ్ళీ కూర్చుంది. కొంగు సర్దుకుంది. "ఆ రోజు మంగళవారం" అని మొదలుపెట్టింది.