ఐదో నట్టు

నాలుగు నట్లు మాట విన్నాయి, ఐదోది వినలేదు. రాములు పానాకు ఇనుప గొట్టం తొడిగి, దాని చివర రెండు చేతులూ వేసి, ఒంటి బరువంతా పెట్టి కిందికి నొక్కాడు. కదల్లేదు. కిరోసిన్ పోశాడు, సుత్తితో చుట్టూ కొట్టాడు, మళ్లీ గొట్టం మీదికి వంగాడు. లింగంపల్లి పోయే దారిలో, రాయదుర్గం మలుపులో అతని టైర్ల రిపేరు టార్పాలిన్ నీడ పక్కనే, కట్టబోయే అద్దాల మేడకు కంకర మోస్తున్న ట్రాక్టర్ ట్రైలర్ ఎడమ చక్రం పంక్చరై ఒరిగి ఉంది.

వెనకాల పాత టైర్ల దొంతర మీద భార్య చంద్రమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వికారాబాద్ దగ్గరి ఊళ్లో రాములు తల్లికి మూడు రోజులుగా అన్నం దిగడం లేదు. కొడుకును రమ్మని పొద్దున్నే ఫోన్ చేయించింది. లింగంపల్లిలో పదకొండింటికి రైలు.

"జల్ది కానియ్యి. అవ్వ నీ పేరే తలుస్తున్నదట."

"ఒక్క నట్టే గదనే. ఇగ వస్త."

ఇరవై రెండేళ్లుగా ఆమె వింటున్న మాటే అది. ఒక్క నట్టు, ఒక్క టైరు, ఒక్క ట్యూబు. చెల్లెలి పెళ్లికి తలంబ్రాలు అయిపోయాక వెళ్లాడు. కూతురు వసంత పుడితే మరునాడు నల్లటి చేతులతో దవాఖానకు వెళ్లాడు. చెడ్డవాడు కాదు పాపం, పని సగంలో వదలడం చేతకాదంతే. ఇవాళ అసలే మనసు మనసులో లేదు. బీడీ వెలిగిస్తాడు, పారేస్తాడు. తల్లిని మంచంలో అలా చూడాలంటే భయం, చూడకపోతే అంతకన్నా భయం.

"నువ్వు పో అన్నా," అన్నాడు డ్రైవర్ నారాయణప్ప, అనంతపురం మనిషి. "ఇంకొకర్ని పిల్చుకొస్తాలే."

ఆ మాట అనకుండా ఉంటే వెళ్లేవాడేమో.

"ఇంకొకడా? నేను పట్టిన చక్రం ఇంకొకడు ఇప్పుతడా?"

ఆ ట్రైలర్‌ను పాత లారీ ఇరుసు మీద కట్టారు. అలాంటి ఇరుసుకు కుడివైపు నట్లు ఎడమకు తిప్పితే ఊడతాయి, ఎడమవైపువి మాత్రం కుడికి తిప్పాలి. ఆ కిటుకు తెలియక ఇంకా బిగించుకుని చచ్చేవాళ్లను చూసి రాములు ఎన్నిసార్లు నవ్వాడో! ఈ నాలుగూ కుడికే ఊడాయి, ఐదోదీ కుడికే ఊడి తీరాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గొట్టం మీదికెక్కి ఎగిరాడు కూడా.

చంద్రమ్మ లేచింది. నారాయణప్పతో ఏదో చెప్పి, మొగుడి వీపు వంక కాసేపు చూసి, ఆటో ఆపి ఎక్కింది. రాములు తల తిప్పలేదు.

"తర్వాత రైలుకు వస్త, అవ్వకు చెప్పు!" అని గొట్టానికేసి అరిచాడు.

ఎండ నెత్తికెక్కింది. అరచేతుల్లో బొబ్బలు చిట్లాయి. మధ్యాహ్నం రెండు దాటాక గొట్టం వంగి పానా మీద బిగుసుకుపోయింది. దాన్ని ఊడబెరుకుదామని కింద భుజం పెట్టి, కసికొద్దీ ఒక్క ఊపున పైకి లేపాడు. కిర్రుమంది. నట్టు వదిలింది, ఎడమకు.

"ఓహో, ఆ బోల్టా?" నారాయణప్ప తల గోక్కున్నాడు. "పోయినేడు ఇరిగిపోతే మార్పిచ్చినాం అన్నా. ఆ మెకానిక్కు కుడి చక్రానిది ఏసినట్టుండాడు."

"ముందుగాల చెప్పద్దా?"

"నువ్వు అడగల్యా కదా."

రోడ్డు అవతల నుంచి ఎస్టీడీ బూత్ వెంకటరామయ్య వచ్చాడు. ఫోనొస్తే ఎప్పుడూ కేకేసి పిలిచే మనిషి ఇవాళ నడిచి వచ్చాడు.

"రాములూ, మీ ఆవిడ ఫోన్ చేసిందయ్యా. మీ అమ్మగారు పోయారంట. కోడలి గొంతు విని, వాడొచ్చాడా అని అడిగారంట. వస్తున్నాడని చెప్పిందంట."

 రాములు వంగి స్టెప్నీ ఎత్తి ఎక్కించాడు. నాలుగు నట్లు ఎడమకు, ఒకటి కుడికి బిగించాడు. ఆ తర్వాత నేల మీద కూలబడి, నూనె చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

నారాయణప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"వదిన పోతా పోతా ఒక మాట చెప్పింది అన్నా, నీ పనైనాక చెప్పమనింది. మీయమ్మకని కొన్నిందంట. నీ చేత్తోనే తెచ్చియ్యాలంట. అట్లన్నా వస్తావని."

టైర్ల దొంతర వైపు చెయ్యి చూపించాడు. పై టైరు అంచు లోపల, ఎండ తగలకుండా, కాగితంలో చుట్టిన రెండు బన్నులు ఉన్నాయి. పళ్లు లేని నోటికి పాలలో నానబెట్టి పెట్టడానికి ఏరి తెచ్చినవి, బాగా మెత్తనివి.