ఆడ్ అంటే వినుట

రొట్టె చప్పుడుకు ఆయన చదువు ఆగిపోతుందట. "జర చప్పుడు లేకుంట చెయ్యరాదే" అన్నాడు మా ఆయన ఇస్రాయేలు, అరుగు మీద కందిలి ముందు పుస్తకం తెరిచి పెట్టుకుని. జొన్నరొట్టెను చేత్తో కొట్టకుండా వెడల్పు చేసే ఉపాయం ఏ బడిలో నేర్పుతారో నాకు తెలియదు. పిండిముద్దను పీట మీద వేళ్ల కొసలతో ఒత్తుతూ కూర్చున్నాను. అంచులు పగిలాయి. పగిలిన రొట్టె నాకు, గుండ్రంగా వచ్చిన రొట్టె ఆయనకు. "నేను అప్పజెప్త, నువ్వు ఇను" అన్నాడు. వినడం కూడా నా పనుల్లో ఒకటి. బోళ్లు తోమడం లాగే దానికీ సెలవు లేదు.

ఆయన అచ్చంపేట మిషను బడిలో పంతులు. ఇంగ్లీషు పరీక్ష ప్యాసైతే హెడ్మాస్టరు అవుతాడు. ఆ పుస్తకంలో ఇంగ్లీషు మాటలకు చెట్లకున్నట్టే వేళ్లున్నాయి. లాటిన్ అనే పాత భాషలోవట. ఒక్క వేరు పట్టుకుంటే గుత్తికి గుత్తి మాటలు ఊడి వస్తాయని ఆయనే చెప్పాడు. పోర్ట్ అంటే మోయుట. మాన్ అంటే చెయ్యి. డిక్ట్ అంటే చెప్పుట. మోయుట వచ్చినప్పుడు నేను బావి నుంచి నీళ్లు మోసుకొస్తూ ఉంటాను. చెయ్యి వచ్చినప్పుడు నా చేతులు పేడలోనో పిండిలోనో ఉంటాయి. చెప్పుట వచ్చినప్పుడు మాత్రం ఆయనే చెప్తూ ఉంటాడు. చెవిన పడ్డ మాట ఊరికే ఉండదు కదా, నాలో అటూ ఇటూ తిరుగుతుంది. పొయ్యి ఊదుతుంటే పోర్ట్, చాటతో చెరుగుతుంటే మాన్. ఈ తిరుగుడు ఎందుకో, ఏం చేసుకోవాలో తెలియక ఒక్కచోట నిలవలేకపోతున్నాను.

అన్నిటికంటే చెడ్డది ఆడ్. ఆడ్ అంటే వినుట అని ఆయన మొదటిసారి అప్పజెప్పిన పూట మా అత్త జంగమ్మ గోడకు ఆనుకుని చింతపండు గింజ తీస్తోంది. సగమే వినిపించింది. "ఏమన్నవ్ కొడకా? ఆడ అంటే ఇనుడా? గా దొరలు గూడ మంచిగనే రాసిండ్రు!" అని చేతులు దులుపుకుని మరీ మెచ్చుకుంది. అది ఆడదాని సంగతి కాదు, వేరే మాట అని ఈయన ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. పడి పడి నవ్వాడు. బడిలో చెప్పాడు, గుడిలో సంఘ పెద్దలకూ చెప్పాడు. అప్పటినుంచి నేను నోరు తెరిస్తే చాలు, "ఆడ అంటే ఇనుడు, లాటిన్ల ఉన్నది" అంటారు. మొదటిరోజు నేనూ నవ్వాను. అది తలచుకుంటేనే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఈ వారం పాలమూరు మిషను దవాఖాన నుంచి డాక్టరు దొరసానమ్మ మా ఊరికి వచ్చి డేరా వేసింది. నెత్తుటి గుడ్డలు ఉతకడానికి సంఘ పెద్దలు నన్ను పంపారు. దేవుని పని అన్నారు కాబట్టి కూలి మాట లేదు. డేరాలో చెంచుల కోడలు ఒకామె నొప్పులు పడుతోంది. ఆమె మూలుగు, మా పుట్టింట అడ్డం తిరిగిన ఒక కాన్పులో విన్నట్టుగా మారడం విని, ఉతుకుతున్న గుడ్డ వదిలేసి "అమ్మా, బిడ్డ అడ్డం తిరిగినట్టున్నది" అని పరుగెత్తాను. తల్లీ బిడ్డా బతికారు. చేతులు కడుక్కుంటూ దొరసానమ్మ తన పుస్తకాల తెలుగులో, "ఈదమ్మా, నీవు చక్కగా వినుచున్నావు. నర్సు చదువునకు వచ్చెదవా? ఆదివారము మా బండి వెళ్లును. ఇంట అడిగి చెప్పుము" అంది. చక్కగా వినుచున్నావు! ఇంట్లో వెక్కిరింత అయిన మాట అక్కడ నాకు మెప్పు అయింది. ఏడుపొచ్చింది.

ఇంట అడిగాను. "నాకు పరీక్ష ఉన్నది. నువ్వు వోతే రొట్టె ఎవరు చేస్తరు? నేను ఎవరికి అప్పజెప్పాలె?" అన్నాడు ఆయన. "ఒళ్లె పిల్ల లేదు గని, ఊరోళ్ల కాన్పులు చేస్తదట" అంది అత్త. నీ మనసులో ఏముందని అడిగినవాళ్లు లేరు. వద్దు అని కూడా అనలేదు, సూద్దాం అన్నారు. బండి వెళ్లిపోయేదాకా సూద్దాం అన్నమాట. రేపే ఆదివారం.

ఆయన మళ్లీ ఆడ్ దగ్గరికి వచ్చాడు. "ఆడిబుల్ అంటే వినబడునది. ఆడియెన్స్ అంటే ప్రభువు మనవి ఆలకించుట."

పీట మీద నా చెయ్యి ఆగింది. ఆలకించేది ప్రభువా? చిన్నప్పుడు పటేలుతో మా ఇనాం చెలక భూమి తగాదాకు బాపు నన్ను వెంటబెట్టుకుని నాగర్‌కర్నూలు కచేరికి పోయాడు. ఆ రోజు సునవాయి అన్నారు. అంటే వినడమేనని బాపు చెప్పాడు. పటేలు చెప్పాడు, వకీలు చెప్పాడు, బాపు చేతులు కట్టుకుని చెప్పాడు. తీర్పు చెప్పే కుర్చీలో ఉన్న మున్సబు మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు. అందరూ చెప్పడం అయ్యాక నోరు విప్పాడు. ఇక ఎవరూ మాట్లాడలేదు. మా చెలక పోయింది, అది వేరే సంగతి. కానీ ఆ కచేరిలో అందరికంటే పెద్దవాడు విన్నవాడే. గుడిలో మేం మోకరించి ఆలకించుమని వేడుకునేదీ ప్రభువునే. మరి ఈ ఇంట్లో పెండ్లయిన నాటినుంచి వింటున్నది ఎవరు? వీళ్లందరూ ఇన్నాళ్లూ చెప్పుకున్నది ఎవరికి?

"ఇంటున్నవా ఏమే?" అన్నాడు ఆయన.

కొత్త ముద్ద తీసి పీట మీద పెట్టి అరచేత్తో కొట్టాను. రొట్టె గుండ్రంగా విచ్చుకుంది. మళ్లీ కొట్టాను. ఆయన పుస్తకంలోంచి తలెత్తాడు.

"చప్పుడు జేస్తున్నవేందే? ఆడ అంటే ఇనుడు, మరిచినవా?" అంది గోడకు ఆనుకుని కూర్చున్న అత్త.

"మరువలే అత్తా. నీది ఇన్న, నీ కొడుకుది ఇన్న. సునవాయి అయిపోయింది" అన్నాను, రొట్టెను పెనం మీద వేస్తూ. "ఇగ తీర్పు నాది. మీరిద్దరు ఇనుండ్రి. పొద్దుగాల నేను దొరసానమ్మ బండి ఎక్కుతున్న."